అధ్యాపకుల సంఘాన్ని నిలబెట్టడం ఎలా: మొదటి మాట నుంచి రాతపూర్వక ఒప్పందం దాకా

"మా యూనివర్సిటీలో సంఘం పెడదామనుకుంటున్నాం సార్. రిజిస్ట్రేషన్ ఎక్కడ చేయించాలి?" నాకు వచ్చే ప్రశ్నల్లో సగం ఇదే. నేను తిరిగి ఒకటే అడుగుతాను: మీ దగ్గర పాఠం చెప్పేవాళ్లు మొత్తం ఎంతమంది? "రెండు మూడొందలు ఉంటారు" అంటారు. రెండొందలకీ మూడొందలకీ మధ్య వందమంది మనుషులున్నారు. ఆ వందమంది పేర్లు తెలియకుండా పెట్టిన సంఘం లెటర్‌హెడ్ మీదే బతుకుతుంది.

కాబట్టి ఇక్కడ రిజిస్ట్రేషన్ అయిదో మెట్టు. ముందు లెక్క, తర్వాత మాటలు, ఆ తర్వాత డిమాండ్. ఈ వరస తప్పితే ఏమవుతుందో నేను చేసిన తప్పుతోనే మూడో భాగంలో చెబుతాను.

1. ముందు రిజిస్టర్ రాయండి

ఒక నోటుపుస్తకం చాలు. కంప్యూటర్‌లో రాసుకుంటే సొంతదానిలో రాసుకోండి. యూనివర్సిటీ ఈమెయిల్, యూనివర్సిటీ ల్యాప్‌టాప్, డిపార్ట్‌మెంట్ ప్రింటర్ ఈ పనికి వాడొద్దు.

ప్రతి మనిషికీ ఒక వరస. అందులో ఉండాల్సినవి:

- పేరు, విభాగం, ఫోన్ నంబరు
- ఉద్యోగ రకం: పర్మనెంటు, ప్రొబేషన్, కాంట్రాక్టు, గంటల లెక్క గెస్ట్, పాఠాలు చెప్పే రీసెర్చ్ స్కాలర్
- కాంట్రాక్టు ఎప్పుడు ముగుస్తుంది, రెన్యువల్ ఫైలు మీద సంతకం ఎవరిది
- వారానికి ఎన్ని క్లాసులు, ఏ గంట ఖాళీ
- ఎవరి మాట వింటారు
- ఒకటి నుంచి అయిదు దాకా ఒక అంకె

చివరి రెండూ కాస్త వివరించాలి. ప్రతి విభాగంలో ఒకరుంటారు. కొత్త ఫారం వస్తే ఎలా నింపాలో, సెలవు దరఖాస్తులో ఏం రాయాలో అందరూ వెళ్లి వాళ్లనే అడుగుతారు. మీటింగుల్లో గట్టిగా మాట్లాడేది చాలాసార్లు వాళ్లు కాదు. ఆ మనిషి ఎవరో కనుక్కుంటే ఆ విభాగంలో సగం పని అయినట్టే.

అంకె సంగతి. పని మొదలుపెట్టేవారు 1, పిలిస్తే వచ్చేవారు 2, ఊగిసలాడేవారు 3, వద్దనేవారు 4, విన్నది వెళ్లి పైవాళ్లకు చేరవేసేవారు 5. ఈ అంకె మాటను బట్టి వేయకూడదు, చేసిన పనిని బట్టి వేయాలి. "తప్పకుండా వస్తాను సార్" అన్నాయన నిజంగా వచ్చేదాకా 3లోనే ఉంటారు.

రిజిస్టర్‌లో ఎవరి గురించీ వ్యాఖ్యలు రాయొద్దు. కులం, పార్టీ, ఇంటి సంగతులు అసలే వద్దు. రేపు ఈ పుస్తకం రిజిస్ట్రార్ బల్ల మీద కనిపించినా మీరు తలవంచుకునే వాక్యం ఒక్కటీ అందులో ఉండకూడదు. అది ఇద్దరి దగ్గరే ఉండాలి, మూడోవారికి వద్దు.

2. చట్టం దృష్టిలో మీరెవరో చూసుకోండి

"లెక్చరర్ కార్మికుడా, కాదా?" వక్తృత్వ పోటీలో అంశంలా ఉంది కదా. కానీ దీని జవాబును బట్టే మీ దారి మారుతుంది. ఒక్కో దేశంలో ఒక్కో జవాబు.

భారతదేశంలో సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19(1)(సి) అధికరణంలో ఉంది. ఏడుగురు కలిస్తే ట్రేడ్ యూనియన్ రిజిస్ట్రేషన్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చని 1926 చట్టం చెప్పింది. దాని స్థానంలో తెచ్చిన 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ ఏడుగురి లెక్క ఉంది. అయితే 1988లో సుందరాంబాళ్ కేసులో సుప్రీంకోర్టు, పారిశ్రామిక వివాదాల చట్టం కింద టీచర్లు 'వర్క్‌మన్' కిందికి రారని తేల్చింది. అందుకే అధ్యాపక సంఘాలు చాలావరకు సొసైటీలుగా రిజిస్టరై ఉంటాయి, వివాదం ముదిరితే లేబర్ కోర్టు బదులు హైకోర్టు గడప తొక్కుతాయి. ప్రభుత్వ ఉద్యోగుల విషయంలో సుప్రీంకోర్టు 1962లోనే కామేశ్వర్ ప్రసాద్ కేసులో ఒక గీత గీసింది: శాంతియుత ప్రదర్శన చేసే హక్కు ఉంది, సమ్మె మాత్రం ప్రాథమిక హక్కు కాదు.

అమెరికాలో కథ వేరు. 1980 యెషీవా యూనివర్సిటీ తీర్పులో అక్కడి సుప్రీంకోర్టు, ఆ ప్రైవేటు యూనివర్సిటీ ఫుల్‌టైమ్ ఫ్యాకల్టీని యాజమాన్యంలో భాగంగా చూసింది. సిలబస్, అడ్మిషన్లు, నియామకాల్లో వాళ్ల మాట చెల్లుతోంది కాబట్టి సంఘటిత బేరసారాల చట్టం వాళ్లకు వర్తించదంది. కమిటీల్లో కూర్చోవడం గౌరవమే, కానీ అదే రేపు మీకు వ్యతిరేకంగా సాక్ష్యం కావచ్చు.

బ్రిటన్‌లో యూనివర్సిటీ సంఘాలు అధికారికంగా చర్చలు జరుపుతాయి. కానీ 2016లో తెచ్చిన చట్టం, సమ్మె బ్యాలెట్‌లో సభ్యుల్లో సగం మందైనా ఓటేయాలని షరతు పెట్టింది. 2023 నవంబరులో అక్కడి అధ్యాపకుల సంఘం యూసీయూ జరిపిన దేశవ్యాప్త బ్యాలెట్‌లో ఓటేసినవాళ్లలో ఎక్కువమంది సమ్మెకే మొగ్గారు. పోలింగ్ 50 శాతం దాటలేదు, సమ్మె ఆగిపోయింది. రిజిస్టర్ గురించి నేను ఇంత చెప్పడం ఎందుకో ఇప్పుడు అర్థమయ్యుంటుంది.

ఎక్కడున్నా పనికొచ్చే కాగితాలు మూడున్నాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 87వ ఒడంబడిక (1948), 98వ ఒడంబడిక (1949), ఉన్నత విద్యా బోధకుల హోదాపై యునెస్కో 1997లో చేసిన సిఫారసు. యునెస్కోది చట్టంలా కట్టిపడేయదు. అయినా జీతాలు, పని పరిస్థితులు చర్చల ద్వారా తేలాలని అందులో ఉంది. వినతిపత్రంలో ఒక వాక్యంగా బాగా పనిచేస్తుంది.

లాయర్ దగ్గరికి వెళ్లేముందు ఇవి రాసుకోండి:

- మా ఉద్యోగాలకు ఏ సర్వీసు నిబంధనలు వర్తిస్తాయి? కాంట్రాక్టు వాళ్లకు అవేనా?
- ట్రేడ్ యూనియన్‌గానా, సొసైటీగానా? దేనివల్ల మాకేం వస్తుంది?
- సంఘాన్ని యూనివర్సిటీ గుర్తించాలంటే సభ్యత్వం ఎంత శాతం ఉండాలి?
- సమ్మెకు ముందు నోటీసు ఎన్ని రోజులు? జీతం కోత ఎలా లెక్కవేస్తారు?

3. ఒక్కొక్కరితో విడిగా మాట్లాడండి

ఇప్పుడు నా తప్పు. కార్యదర్శిగా ఎన్నికైన కొత్తలో సర్వసభ్య సమావేశంలో పెన్‌డౌన్‌కి, అంటే పని ఆపి నిరసన తెలపడానికి, చేతులెత్తమన్నాం. హాలంతా చేతులే. లెక్కపెట్టాం కూడా, అరవై రెండు. మర్నాడు పొద్దున పరిపాలనా భవనం మెట్ల మీద తొమ్మిదిమందిమి నిలబడ్డాం. లోపలికి వెళ్తున్న గుమాస్తాలు మమ్మల్ని చూసి పాపం తలలు తిప్పుకున్నారు. తర్వాత తెలిసింది, చేతులెత్తినవాళ్లలో సగానికి పైగా రెన్యువల్ ఫైళ్లు ఆ వారమే సంతకానికి వెళ్లాయి. ఆ సంగతి ఎవరూ దాచలేదు, మేమే అడగలేదు.

సభలో చెయ్యెత్తడం తేలిక, పక్కవాడు ఎత్తాడు కాబట్టి మనమూ ఎత్తుతాం. విడిగా కూర్చుని అరగంట మాట్లాడితేనే మనిషి మనసులో ఏముందో తెలుస్తుంది. స్టాఫ్ రూమ్‌లో వద్దు. క్లాసుకి క్లాసుకి మధ్య పది నిమిషాల్లో వద్దు. వాళ్లకు వీలైన చోట, వాళ్లకు ఖాళీ ఉన్న గంటలో.

మాట ఎలా నడవాలో చూపిస్తాను. ఒక గెస్ట్ లెక్చరర్‌తో జరిగిన సంభాషణ దాదాపు ఇలాగే సాగింది:

"మేడమ్, ఈ సెమిస్టర్‌లో మిమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టిందేంటి?"

"ఏముంది సార్, మామూలే."

"మామూలంటే?"

"క్లాసుకి ఇంతని ఇస్తారు కదా. ఇంటర్నల్ పేపర్లు దిద్దడం, ప్రాజెక్టులు చూడటం ఏవీ లెక్కలోకి రావు. పోయిన నెల నూట నలభై పేపర్లు దిద్దాను."

"ఎంతసేపు పట్టింది?"

ఆవిడ ఆగి వేళ్ల మీద లెక్కేసుకుంది. "పేపరుకి పది నిమిషాలేసుకున్నా... ఇరవై మూడు గంటలు."

"దానికి ఎంతిచ్చారు?"

"సున్నా."

ఆ 'సున్నా' ఆవిడ నోట వచ్చింది. నేను వెళ్లి 'శ్రమ దోపిడీ' మీద ఉపన్యాసం ఇచ్చుంటే తలూపి వెళ్లిపోయేది. ఈ లెక్క మాత్రం ఆ సాయంత్రం ఇంకో ఇద్దరికి చెప్పిందట.

వరస ఇది:

- అడగండి. మీ సమస్య చెప్పకండి, వాళ్ల సమస్య అడగండి.
- వినండి. మొత్తం మాటల్లో మూడింట రెండొంతులు వాళ్లవే ఉండాలి.
- "ఇది మార్చగలిగేది ఎవరు? మనం ఒక్కరం అడిగితే మారుస్తారా?" అని అడిగి ఆగండి. ఆ మౌనాన్ని మీరు నింపొద్దు.
- చిన్న పని అప్పగించండి. "మీ విభాగంలో ఇంకో ఇద్దరి లెక్క బుధవారానికి తెస్తారా?"
- తేదీ ఖాయం చేసుకోండి. బుధవారం అంటే బుధవారం వెళ్లండి.

చిన్న పని అడగడం చాలామంది మొహమాటంతో వదిలేస్తారు. కానీ అంకె 3 నుంచి 2కి మారేది అక్కడే.

భయం గురించి. "నా రెన్యువల్ ఆపేస్తే ఎలా సార్?" అని అడుగుతారు. "ఏం కాదు, మేమున్నాం" అనకండి. ఏం కాదని మీకెలా తెలుసు? తెలిసిందే చెప్పండి: ఫైలు మీద సంతకం ఎవరిది, ఎప్పుడు వెళ్తుంది, ఇంతకుముందు ఎవరికైనా ఆపారా, ఆపితే సంఘం మొదటి రోజు ఏం చేస్తుంది. ఇంకో మాట కూడా చెప్పాలి: మొదటి సంతకం మీది కానక్కర్లేదు. పర్మనెంటువాళ్ల పేర్లు ముందు, ప్రొబేషన్, కాంట్రాక్టు వాళ్లవి తర్వాత. ఇంకా జంకు ఉంటే సంతకాలు గుండ్రంగా చేయించండి. వలయంలో మొదటివారెవరో చివరివారెవరో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు.

వాట్సాప్ గ్రూపుతో ఈ పని అవుతుందా? అవ్వదు. నూట యాభైమంది ఉన్న గ్రూపులో మీరు పెట్టిన మెసేజ్ స్క్రీన్‌షాట్ పది నిమిషాల్లో పైవాళ్లకు చేరుతుందనుకుని రాయండి. గ్రూపు ప్రకటనలకే: ఎప్పుడు, ఎక్కడ, ఏం తేవాలి. చర్చ మనుషుల మధ్యే జరగాలి.

4. ఒకే డిమాండ్, దాని వెనక కాగితాలు

ఇరవై ఏడు డిమాండ్ల వినతిపత్రాన్ని మించిన వరం అధికారులకు ఉండదు. అందులోంచి ఐడీ కార్డులు, పార్కింగ్, స్టాఫ్ రూమ్ ఫ్యాన్లు ఏరుకుని ఒప్పుకుంటారు. "అధ్యాపకుల సమస్యలపై సానుకూలంగా స్పందించాం" అని పేపర్లో వస్తుంది. మిగతా ఇరవై నాలుగూ ఫైల్లో పడుకుంటాయి.

మొదటి డిమాండ్ ఒక్కటే ఉండాలి. దాన్ని ఎంచుకునే పరీక్ష:

- రిజిస్టర్‌లో ఉన్నవాళ్లలో సగానికి పైగా దీని గురించి తమంతట తాము మాట్లాడారా?
- పర్మనెంటు వాళ్లకీ, గెస్టులకీ మధ్య చీలిక తేకుండా ఉందా?
- యూనివర్సిటీ స్థాయిలోనే తేలగలదా, ప్రభుత్వం దాకా వెళ్లాలా?
- అంకెలో చెప్పగలరా? 'గౌరవం కావాలి' అంటే కొలవలేం. 'ప్రతి నెలా అయిదో తేదీలోగా జీతం' అంటే కొలవొచ్చు.

అడిగేది కొత్తదా, ఇదివరకే రావాల్సిందా అన్నది కూడా తేల్చుకోండి. రావాల్సినదాన్ని అడిగే లేఖ గొంతే వేరుగా ఉంటుంది. భారతదేశంలో గ్రాట్యుటీ మంచి ఉదాహరణ. 2004లో సుప్రీంకోర్టు టీచర్లు గ్రాట్యుటీ చట్టంలోని 'ఉద్యోగి' నిర్వచనంలోకి రారంది. 2009లో పార్లమెంటు ఆ నిర్వచనాన్నే సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా చేసింది. ఆ సంగతి తెలియక గ్రాట్యుటీని దయగా అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. దాన్ని బకాయిగా అడగాలి.

కాగితాలు ఎలా పోగెయ్యాలి? నాలుగు వారాల పాటు ఇరవైమందితో పని లెక్క రాయించండి. క్లాసు, తయారీ, దిద్దడం, ప్రాజెక్టులు, అడ్మిషన్ డ్యూటీ, డేటా ఎంట్రీ వేరువేరు గళ్లు. రోజుకి రెండు నిమిషాల పని, అంతకన్నా ఎక్కువ అడిగితే మూడోరోజు మానేస్తారు. పే స్లిప్పులు, అపాయింట్‌మెంట్ ఆర్డర్లు, పాత సర్క్యులర్లు కాపీ తీసి పెట్టుకోండి. సమాచార హక్కు చట్టం ఉన్న చోట ఖాళీ పోస్టుల లెక్క, గెస్టుల సంఖ్య రాతపూర్వకంగా అడగండి. భారతదేశపు 2005 చట్టంలో జవాబుకి గడువు 30 రోజులు, కాబట్టి ఈ దరఖాస్తు అన్నిటికన్నా ముందు పడాలి.

తర్వాత నిబంధన పక్కన మీ లెక్క పెట్టండి. ఉదాహరణకి యూజీసీ 2018 నిబంధనల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసర్‌కీ ప్రొఫెసర్‌కీ 14 గంటలు ప్రత్యక్ష బోధన అని ఉంది. మీ లెక్కలో అసిస్టెంట్ ప్రొఫెసర్లకి 22 వస్తే, ఆ రెండంకెలూ పక్కపక్కన అచ్చువేసిన ఒక్క పేజీ మూడు పేజీల ఆవేదన కన్నా నయం.

5. సంఘం ఆకారం, రిజిస్ట్రేషన్

ఇక్కడ త్వరగా ముగిస్తాను, ఎందుకంటే నియమావళి నమూనాలు ఎక్కడైనా దొరుకుతాయి. అందులో లేకపోతే తప్పకుండా చేర్చాల్సినవి ఇవి:

- కాంట్రాక్టు, గెస్ట్ అధ్యాపకులకు పూర్తి సభ్యత్వం, పూర్తి ఓటు, కార్యవర్గంలో కొన్ని స్థానాలు
- చందా జీతాన్ని బట్టి, అందరికీ ఒకే మొత్తం కాకుండా
- డీన్, డైరెక్టర్ లాంటి పదవిలో ఉన్నంతకాలం సంఘంలో పదవి ఉండకూడదు
- ఒకే పదవిలో వరసగా రెండు దఫాలకు మించి వద్దు
- బ్యాంకు ఖాతాకి ఇద్దరి సంతకం, ఏటా ఆడిట్, లెక్కలు ఏ సభ్యుడడిగినా చూపించాలి
- కోరం ఎంత, ప్రత్యేక సమావేశం అడగాలంటే ఎంతమంది సంతకం చేయాలి

మొదటి అంశం మీద పర్మనెంటువాళ్లలో గొణుగుడు వస్తుంది. "రేపు వాళ్లే మెజారిటీ అయి మన సంఘాన్ని పట్టుకుపోతారు" అంటారు. వాళ్లు ఇప్పటికే మెజారిటీ అయితే, వాళ్లు లేని సంఘం ఎవరికి ప్రతినిధి? అధికారులు అడిగే మొదటి ప్రశ్న కూడా అదే.

6. సంతకం ఎవరిదో కనుక్కుని లేఖ రాయండి

యూనివర్సిటీలో సమస్యతో బంతాట ఆడతారు. హెచ్ఓడీ రిజిస్ట్రార్‌ని చూపిస్తాడు, రిజిస్ట్రార్ ఫైనాన్స్ ఆఫీసర్‌ని, ఆయన వీసీని, వీసీ పాలకమండలిని, పాలకమండలి ప్రభుత్వాన్ని. కాబట్టి లేఖకు ముందే తేల్చుకోండి. క్లాసుల పంపకం సాధారణంగా విభాగంలోనే తేలుతుంది. రెన్యువల్, సెలవులు రిజిస్ట్రార్ కార్యాలయంలో, వాల్యుయేషన్ పారితోషికం పరీక్షల విభాగంలో, జీతాల స్కేలు మార్పు చాలాచోట్ల యూనివర్సిటీ దాటిపోతుంది. ఆ ఆఫీసులో ఫైలు చూసే సెక్షన్ సూపరింటెండెంట్‌ని మర్యాదగా అడిగితే దారి మొత్తం చెబుతారు. ఆయన కూడా ఉద్యోగే.

లేఖ ఒక పేజీ. ఇలా రాయొద్దు: "మా న్యాయమైన సమస్యలను సానుభూతితో పరిశీలించి తగు చర్యలు తీసుకోగలరని ప్రార్థన." ప్రార్థనకి గడువుండదు.

ఇలా రాయండి: "ఇంటర్నల్ పరీక్షల మూల్యాంకనానికి గెస్ట్ అధ్యాపకులకు పారితోషికం చెల్లించడం లేదు. 31 మంది నాలుగు వారాల పని లెక్క జతచేశాం. దీనిపై చర్చకు 15వ తేదీలోగా సమయం ఇవ్వాలని కోరుతున్నాం. మా తరఫున అయిదుగురు హాజరవుతారు."

లేఖ ఇచ్చేటప్పుడు:

- రెండు కాపీలు, ఒకదాని మీద ఇన్‌వార్డ్ నంబరు, ముద్ర, తేదీ
- ఒక్కరు వెళ్లొద్దు, కనీసం పదిమంది వెళ్లండి
- ఇచ్చినట్టు సభ్యులకి అదే రోజు సమాచారం

7. చర్చల గదిలో

అయిదుగురు వెళ్తే ఒకరే మాట్లాడాలి, ఒకరు రాయాలి. మిగతా ముగ్గురు ఎదుటివాళ్ల ముఖాలు చూడాలి. ఈ పనులు ముందే పంచుకోండి. మనం లెక్చరర్లం, ఊరుకోలేం, అదే మన జబ్బు. ఒక అధికారి వేసిన ప్రశ్నకి మా బృందంలో నలుగురం నాలుగు జవాబులిచ్చిన రోజు నాకింకా గుర్తే. ఆయన హాయిగా వెనక్కి వాలి, "ముందు మీరు మాట్లాడుకుని రండి" అన్నాడు.

బృందంలో ఒక్కరైనా గెస్ట్ లెక్చరర్ ఉండాలి. లోపల విరామం అడగడానికి సంకోచించకండి. "అయిదు నిమిషాలు బయట మాట్లాడుకుని వస్తాం" అనడం బలహీనత అనుకోరు.

"చూద్దాం", "కమిటీ వేస్తాం", "సూత్రప్రాయంగా అంగీకరిస్తున్నాం" అనే మూడు మాటలకు ముందే జవాబు సిద్ధం చేసుకోండి. కమిటీ అంటే: అందులో మా వాళ్లెంతమంది, నివేదిక ఏ తేదీకి? సూత్రప్రాయంగా అంటే: ఉత్తర్వు ఎప్పుడు? ఇంటికి వెళ్లేముందు మినిట్స్ మీద, అంటే చర్చలో ఏం తేలిందో రాసిన కాగితం మీద, ఇరువైపుల సంతకాలు. వాళ్లు మినిట్స్ ఇవ్వకపోతే, మీరు రాసుకున్నది ఆ సాయంత్రమే లేఖగా పంపండి: "ఈ రోజు చర్చలో ఈ విషయాలు అంగీకారానికి వచ్చాయి. పొరపాటుంటే మూడు రోజుల్లో తెలియజేయగలరు."

టీ, బిస్కెట్లు, ఆప్యాయత చూసి బయటికొచ్చి "చాలా పాజిటివ్‌గా ఉన్నారు" అని చెప్పకండి. సభ్యులకు తేదీలు చెప్పండి.

8. ఒత్తిడి మెట్లు

చర్చ కదలకపోతే ఒత్తిడి పెంచాలి, మెట్టు మెట్టుగా. ప్రతి మెట్టూ ఒక తలల లెక్కే. కింది మెట్టు మీద సగం మంది నిలబడకపోతే పై మెట్టు ఎక్కొద్దు.

- నల్లబ్యాడ్జీ. విభాగాల వారీగా ఎవరు పెట్టుకున్నారో సాయంత్రానికి రిజిస్టర్‌లో పడాలి.
- సంతకాల పత్రం. లక్ష్యం 65 శాతం. అంతకు తగ్గితే మళ్లీ మూడో భాగానికి వెళ్లండి.
- భోజన విరామంలో గేట్ మీటింగ్.
- నిబంధనల ప్రకారమే పని: ఉత్తర్వుల్లో లేని అదనపు డ్యూటీలు ఆపడం.
- ఒకరోజు సమ్మె, ఆపైన నిరవధికం. లాయర్ మాట విన్నాకే, నోటీసు గడువు చూశాకే.

65 అంకె నా అనుభవంలోది, చట్టంలో లేదు. సంతకం పెట్టినవాళ్లలో మూడోవంతు చివరి నిమిషంలో రారు అనుకుని వేసుకున్న లెక్క.

పరీక్షల వాల్యుయేషన్ ఆపడం గురించి అందరూ అడుగుతారు. పదునైన కత్తే, రెండువైపులా తెగుతుంది. బ్రిటన్‌లో 2023 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా యూసీయూ సభ్యులు మార్కులు వేయడం ఆపేశారు. చాలామంది విద్యార్థుల ఫలితాలు ఆగాయి. చాలా యూనివర్సిటీలు పాల్గొన్నవాళ్ల జీతంలో సగం నుంచి మొత్తం దాకా కోసేశాయి, మిగతా పనులన్నీ చేస్తున్నా సరే. అదే సంఘం 2018లో పెన్షన్ మీద 14 రోజుల సమ్మె చేసినప్పుడు మాత్రం పెన్షన్ లెక్కల్ని తిరిగి పరిశీలించే ఉమ్మడి నిపుణుల కమిటీ వచ్చింది.

ఇంకొకటి ఉంది, పర్మనెంటువాళ్లకు తట్టదు. పేపరుకి ఇంతని డబ్బిచ్చే చోట వాల్యుయేషన్ గెస్టులకు అదనపు ఆదాయం. దాన్ని ఆపమంటే మొదట ఖాళీ అయ్యేది వాళ్ల జేబు. కోత భరించడానికి నిధి లేకుండా ఆ మాట ఎత్తకండి.

విద్యార్థులకి ముందే చెప్పండి. పాఠం మధ్యలో కాదు, క్లాసు అయ్యాక, రెండు నిమిషాల్లో: ఎందుకు, ఎన్నాళ్లు, మీ పరీక్షలకు ఏమవుతుంది. వాళ్ల చేత నినాదాలు ఇప్పించొద్దు. మార్కులు మన చేతిలో ఉన్నంతకాలం వాళ్ల మద్దతు స్వచ్ఛందమో కాదో మనకే తెలియదు.

9. సభ్యుడికి షోకాజ్ నోటీసు వస్తే

మొదటి రెండు రోజులే కీలకం. టెన్షన్‌లో ఆ రాత్రే నాలుగు పేజీల జవాబు రాసి మెయిల్ చేసేస్తారు, ఆ తర్వాత లాయర్ ఏమీ చేయలేడు.

- నోటీసు అందిన తేదీ, సమయం రాసుకుని, కవరుతో సహా దాచండి
- గడువు చాలకపోతే గడువు కోరుతూ రెండు వాక్యాల లేఖ
- ఆరోపణకు ఆధారమైన పత్రాల కాపీలు రాతపూర్వకంగా అడగండి
- విచారణకి ఒంటరిగా పంపొద్దు. లోపలికి రానివ్వకపోతే గది బయట ఇద్దరు కూర్చోండి
- జవాబులో ఆరోపణలకే సమాధానం. పాత కక్షలు, ఆవేశం వద్దు

ఆరోపణ లైంగిక వేధింపుది అయితే సంఘం గుడ్డిగా సభ్యుడి వెనక నిలబడకూడదు. ఫిర్యాదు చేసినవారు కూడా సభ్యులే కావచ్చు. ఇద్దరికీ వేరువేరు మనుషులు సాయంగా ఉండాలి, విచారణ కమిటీ పని కమిటీని చేయనివ్వాలి.

10. ఒప్పందం చేతికొచ్చాక

ఒప్పందం మీద సంతకాలైన రోజు ఫొటోలు దిగుతాం, అందులో తప్పులేదు. కానీ ఒప్పందానికీ ఉత్తర్వుకీ మధ్య నెలలు గడుస్తాయి, ఉత్తర్వుకీ ఖాతాలో డబ్బుకీ మధ్య ఇంకొన్ని. ఒక్కో అంశానికి ఒక్కో మనిషిని పెట్టండి. ఫైలు ఏ బల్ల మీదుందో ప్రతి సోమవారం కనుక్కోవడం ఆ మనిషి పని. మొదటి నెల జీతం పడగానే మూడు విభాగాల నుంచి ముగ్గురి పే స్లిప్పులు తెప్పించి, ఒప్పందంలో అంకెతో సరిచూడండి. ఒకసారి మాకు ఉత్తర్వులో 'చెల్లించబడును' అని ఉండాల్సిన చోట 'నిధుల లభ్యతను బట్టి చెల్లించబడును' అని వచ్చింది. పే స్లిప్పు చూసేదాకా ఎవరూ ఆ మూడు మాటలు పట్టించుకోలేదు.

కొత్త సెమిస్టర్ మొదలైన మొదటి వారంలో రిజిస్టర్ మళ్లీ తీయండి. వెళ్లిపోయినవాళ్ల పేర్లు కొట్టేయండి, కొత్తగా చేరిన గెస్టుల పేర్లు రాయండి, వాళ్ల పక్కన అంకె గడి ఖాళీగా ఉంచి, ఎవరు ఎప్పుడు వెళ్లి మాట్లాడతారో తేదీ వేయండి.